చిన్నపిల్లలకి చెక్క బొమ్మలు కొనేటప్పుడు ఏం చూడాలి, ఎలా చూడాలి

చెక్క బొమ్మలు కొందామనుకుంటున్నారా, మంచి ఆలోచన, నన్ను ఎవరడిగినా నేను చెప్పేది కూడా అదే. కాకపోతే చాలామంది ప్లాస్టిక్ వద్దు చెక్క కావాలి అనుకుని అక్కడితో ఆగిపోతున్నారు, బొమ్మ చెక్కదైతే చాలు ఇక ఏ భయం లేదన్నట్టు. అలా కాదండీ. ఎనిమిది నెలల పాప చేత్తో ఎంత ఆడుతుందో నోటితో అంతకంటే ఎక్కువ ఆడుతుంది, ఆ నోటికి ముందు తగిలేది బొమ్మ మీద పూసిన రంగు, తర్వాత పాలిష్, తర్వాత ముక్కలు అతికించిన జిగురు, ఇవన్నీ అయ్యాకే అసలు చెక్క. కాబట్టి చెక్కా ప్లాస్టికా అన్న ప్రశ్నతో పాటు ఇంకో మూడు అడగాలి: దీని మీద ఏం పూశారు, దీన్ని ఎలా అతికించారు, ఇందులోంచి ఏదైనా ఊడి గొంతులోకి పోతుందా. ఈ మూడింటికి జవాబు దొరకని చెక్క బొమ్మ కంటే జవాబు దొరికిన ప్లాస్టిక్ బొమ్మే మేలు అంటాను నేను.

ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. 2007 జూన్‌లో అమెరికాలో దాదాపు 15 లక్షల చెక్క రైలు బొమ్మల్ని మార్కెట్ నుంచి, ఇళ్ళ నుంచి వెనక్కి తెప్పించారు, వాటి పైపూత పెయింట్‌లో సీసం, అంటే లెడ్ అనే విషపు లోహం, ఉందని తేలింది. అవేమీ పేరు లేని చౌక బొమ్మలు కాదు, తల్లిదండ్రులు మంచివని నమ్మి ఎక్కువ డబ్బు పెట్టి కొన్నవి. ఆ మరుసటి ఏడాదే, అంటే 2008లో, అక్కడ కొత్త చట్టం వచ్చింది, దాని ప్రకారం ఇప్పుడు బొమ్మల పెయింట్‌లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదు. సీసం ఇంతవరకు ఉంటే ఫర్వాలేదు అని చెప్పగలిగే లెక్కే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, పైగా కడుపులోకి వెళ్ళిన సీసాన్ని పెద్దవాళ్ళ ఒంటికంటే పిల్లల ఒళ్ళు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. అందుకే రంగు గురించి ఇంత గట్టిగా చెప్తున్నా.

అలాగని ప్లాస్టిక్ అంతా విషం అనీ అనను. గట్టిగా ఉండే బిల్డింగ్ బ్లాకులు ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, కప్పులూ డబ్బాలూ పాలీప్రొపిలీన్‌తో, వీటితో పెద్ద గొడవ లేదు. ఇబ్బంది ఎక్కువగా మెత్తటి పీవీసీతో. పీవీసీ అసలు గట్టి పదార్థం, దాన్ని మెత్తగా సాగేలా చెయ్యడానికి థాలేట్స్ అనే రసాయనాలు కలిపేవాళ్ళు, అవి ప్లాస్టిక్‌కి గట్టిగా అతుక్కుని ఉండవు, నమిలితే లాలాజలంలోకి దిగుతాయి. యూరప్‌లో 1999లో తాత్కాలికంగా, 2005లో శాశ్వతంగా పిల్లల బొమ్మల్లో వీటిని కట్టడి చేశారు, అమెరికాలో 2008 చట్టంతో కొన్ని రకాలకి 0.1 శాతం హద్దు పెట్టారు. కానీ అడ్రస్ లేని బొమ్మ ఈ రూల్స్ పాటించిందో లేదో ఎవరు చూస్తారు చెప్పండి. ప్యాకెట్ విప్పగానే కొత్త రెయిన్‌కోటు వాసన గుప్పుమంటే ఆ బొమ్మ పక్కన పెట్టేయండి. అడుగున త్రికోణంలో 3 అని ఉంటే అది పీవీసీ, 5 అని ఉంటే పాలీప్రొపిలీన్, 7 అంటే మిగతావన్నీ కలిపి, అందులో ఏముందో ఆ అంకె చూసి చెప్పలేం.

మరి అన్నీ ఇలా చూసి కొనాల్సిందే అయితే ఇంక చెక్కే ఎందుకు అంటారేమో. నా వరకు అసలు కారణం ఆట. ప్లాస్టిక్ బొమ్మల్లో ఎక్కువ భాగం బటన్ నొక్కితే పాడేవి, లైట్లు వెలిగేవి. బొమ్మే ఆడుతుంది, బిడ్డ చూస్తుంటుంది. చెక్క బ్లాక్ తనంతట తాను ఏమీ చెయ్యదు, పిల్లాడు ఏదైనా చేస్తేనే ఏదైనా జరుగుతుంది, అదే దాని గొప్ప. 2015 చివర్లో ఒక పిల్లల వైద్య పత్రికలో వచ్చిన అమెరికన్ పరిశోధన ఒకటుంది, 10 నుంచి 16 నెలల పిల్లల్ని తల్లిదండ్రులతో పాటు 26 జంటలుగా తీసుకుని మూడు రకాలుగా ఆడించారు: ఎలక్ట్రానిక్ బొమ్మలు, మామూలు బొమ్మలు అంటే చెక్క పజిల్ లాంటివి, తర్వాత పుస్తకాలు. ఎలక్ట్రానిక్ బొమ్మలు ఉన్నప్పుడు పెద్దవాళ్ళు బిడ్డతో తక్కువ మాట్లాడారు, బిడ్డ కూడా తక్కువ శబ్దాలు చేసింది. చిన్న పరిశోధనే, కానీ ఇంట్లో గమనిస్తే మీకూ అదే కనిపిస్తుంది, బొమ్మ పాడుతుంటే మనం నోరు మూసుకుంటాం. ఇంకో సంగతి బరువు. లోపల డొల్లగా ఉన్న ప్లాస్టిక్ బ్లాక్ పెద్దదైనా తేలికే, చెక్కలో పెద్ద ముక్క నిజంగా బరువుగా ఉంటుంది, చిన్న ముక్క తేలిగ్గా ఉంటుంది, చేతికి ఏది పెద్దదో ఏది చిన్నదో కళ్ళతో సంబంధం లేకుండా తెలుస్తుంది. ఒకదాని మీద ఒకటి పెడితే జారదు కూడా. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి, చెక్క డబ్బాలో స్పీకర్ పెట్టి పాటలు వచ్చేలా చేసిన బొమ్మలు కూడా వస్తున్నాయి, దానికీ ప్లాస్టిక్ పాటల బొమ్మకీ ఆటలో తేడా ఏమీ లేదు.

ముందు ఏం చెక్కో కనుక్కోండి

బీచ్, మేపుల్, బర్చ్, రబ్బరు చెట్టు కలప, ఈ నాలుగు పేర్లు బొమ్మల మీద ఎక్కువగా కనిపిస్తాయి, నాలుగూ మంచివే. గట్టిగా ఉంటాయి, లోపలి గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి పళ్ళతో కొరికినా, నేలకేసి కొట్టినా తొందరగా పేళ్ళు లేవవు. రబ్బరు చెట్టు కలప అంటే పాలు తీయడం అయిపోయి ఇక కొట్టేసే చెట్ల నుంచి వచ్చేది, ఇంకో అడవి నరికే పని లేదు. పైన్ మెత్తటి చెక్క, గోటితో నొక్కినా గీత పడుతుంది, ముడులు ఉన్నచోట జిగట బయటికొస్తుంది, పెద్ద పిల్లల బొమ్మలకి ఓకే గానీ కొరికే వయసుకి వద్దు. ఘాటైన వాసన ఉన్న చెక్కలు, దేవదారు లాంటివి, అల్మారాకి బాగుంటాయి, పసిబిడ్డ నోటికి అక్కర్లేదు. వెదురు నునుపుగానే ఉంటుంది కానీ పగిలితే సన్నటి పదునైన పీచు లేస్తుంది, పైగా వెదురు పలకల్ని జిగురుతో కలిపి చేస్తారు, కాబట్టి జిగురు గురించి అడగాల్సిందే.

జాగ్రత్తగా చూడాల్సింది ఎండీఎఫ్, ప్లైవుడ్. పెట్టె మీద చెక్క అని రాస్తారు, ఇంజినీర్డ్ వుడ్ అని ఇంకా గొప్పగా రాస్తారు, విషయానికొస్తే ఎండీఎఫ్ అంటే చెక్క పొడిని రెసిన్ అనే జిగురుతో నొక్కి చేసిన అట్ట, ప్లైవుడ్ అంటే పల్చటి చెక్క పొరల్ని అలాంటి జిగురుతోనే అతికించింది. ఆ రెసిన్‌లో చాలాసార్లు ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, ఇది క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో ఒకటని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. తక్కువ విడుదలయ్యే రకాలు ఉన్నాయి, ఈ-1 అనో కార్బ్ ఫేజ్ 2 అనో రాసి ఉంటాయి, పజిల్ పలక లాంటి వాటికి అవి ఉంటే సర్దుకోవచ్చు. నోట్లో పెట్టుకునే వాటికి మాత్రం ఒద్దు, ఎండీఎఫ్ తడి తగిలితే ఉబ్బుతుంది, అంచులు విచ్చుకుంటాయి, చొంగ కార్చే బిడ్డ చేతిలో అది ఎన్నాళ్ళు ఉంటుంది. ఎలా గుర్తుపట్టాలంటే అంచు చూడండి, అసలు చెక్క అయితే పైన కనిపించే గీతలు అంచు తిరిగి పక్కకి కూడా సాగుతాయి, ఎండీఎఫ్ అయితే అంచు ఏ గీతా లేకుండా గోధుమ రంగు అట్టలా ఉంటుంది, ప్లైవుడ్ అయితే పొరలు పొరలుగా తెలుస్తుంది. అంచుతో సహా మందంగా పెయింట్ కొట్టేసి ఉంటే చూడటానికే వీలుండదు, అలాంటప్పుడు అడగండి, చెప్పకపోతే కొనకండి.

రంగు, పాలిష్

ఏడాది లోపు బిడ్డకి అయితే నేను రంగు లేని చెక్కే కొనమంటాను, ఏమీ పూయని బీచ్ రింగు ఒకటి నునుపుగా రుద్ది ఉంటే పళ్ళొచ్చేటప్పుడు కొరకడానికి దానికి మించిన టీతర్ లేదు. రంగు కావాలంటే నీళ్ళతో కలిపే పెయింట్ అయి ఉండాలి, చెక్కలోకి ఇంకినట్టు ఉండి గీతలు లోపల్నుంచి కనిపిస్తుంటే మంచిది, ఎందుకంటే ఇంకిన రంగు పెచ్చులుగా ఊడదు. మందంగా అద్దంలా మెరిసే పెయింట్ దెబ్బ తగిలినచోట పెచ్చు లేస్తుంది, ఆ పెచ్చు ఎక్కడికి వెళ్తుందో వేరే చెప్పక్కర్లేదు. లక్క పూసిన బొమ్మలు కూడా మంచివే, లక్క అనేది పురుగు నుంచి వచ్చే జిగురు, శుద్ధి చేసిన లక్కని మందు మాత్రల మీద, చాక్లెట్ల మీద మెరుపు కోసం కూడా వాడతారు. అయితే లక్కలో కలిపిన రంగు ఏంటి అన్నది వేరే ప్రశ్న, అది మాత్రం అడగండి.

నూనె, మైనం పూసినవి చాలా బాగుంటాయి. తేనెమైనం, ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్, ఇవి రెండూ భయం లేనివి. అవిసె నూనె కూడా మంచిదే కానీ హార్డ్‌వేర్ షాపుల్లో బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అని అమ్మేది వేరు, తొందరగా ఆరడానికి అందులో కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహాల లవణాలు కలుపుతారు, అది ఫర్నిచర్‌కి. అక్రోట్ నూనె రాసిన బొమ్మలు కూడా ఉంటాయి, ఇంట్లో ఎవరికైనా నట్స్ ఎలర్జీ ఉంటే దాని జోలికి వెళ్ళకండి. ఇంకోటి, సహజం, ఆర్గానిక్, నాన్ టాక్సిక్ అని పెట్టె మీద రాసి ఉంటే సంతోషపడిపోకండి, ఆ మాటలు ఎవరైనా రాసుకోవచ్చు, ఏ నూనె ఏ రంగు అని పేరు పెట్టి చెప్పేవాళ్ళని నమ్మండి.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి ఉంది. తెల్లటి కాటన్ గుడ్డ గోరువెచ్చటి నీళ్ళలో తడిపి బొమ్మ మీద ఒకేచోట కాసేపు గట్టిగా రుద్దండి. రంగు అంటితే ఆ బొమ్మ నోటికి పనికిరాదు, అంతే. ల్యాబుల్లో ఇదే పనికి డీఐఎన్ 53160 అనే జర్మన్ పరీక్ష ఉంది, లాలాజలం, చెమట లాంటి ద్రవాలు తయారు చేసి రంగు దిగుతుందేమో చూస్తారు. గుడ్డకి రంగు అంటకపోయినా సీసం లేదని అర్థం కాదు, సీసం సంగతి ల్యాబే చెప్పాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 71లో మూడో భాగం దాని గురించే, కడుపులో ఉండే ఆమ్లం లాంటి ద్రావణంలో బొమ్మ పూతని నానబెట్టి సీసం, క్యాడ్మియం, ఆర్సెనిక్ సహా మొత్తం 19 రకాల మూలకాలు ఎంత దిగాయో కొలుస్తారు. అమ్మేవాళ్ళని అడగాల్సిన రిపోర్టు ఇదే. ఈఎన్ 71, ఏఎస్‌టీఎం ఎఫ్963, ఐఎస్ఓ 8124, ఐఎస్ 9873, ఇవన్నీ బొమ్మల భద్రత ప్రమాణాల పేర్లు, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఎఫ్ఎస్‌సీ గుర్తు మాత్రం వేరు, కలప బాధ్యతగా చూసుకున్న అడవి నుంచి వచ్చిందని చెప్పేది, మంచి గుర్తే కానీ రంగులో ఏముందో అది చెప్పదు. చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు.

ఊడే ముక్కలు

రసాయనాల గురించి అందరూ మాట్లాడతారు, గొంతులో ఇరుక్కోవడం గురించి తక్కువ మాట్లాడతారు, నిజానికి నిమిషాల్లో ప్రాణం మీదకి తెచ్చేది ఇదే. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మలు పరీక్షించడానికి ఒక చిన్న గొట్టం వాడతారు, దాని వెడల్పు 31.7 మి.మీ., బొమ్మ గానీ బొమ్మలోంచి ఊడిన ముక్క గానీ ఏ పక్క నుంచైనా అందులో పూర్తిగా పట్టిందంటే అది ఆ వయసుకి పనికిరాదు. ఇంట్లో ఆ గొట్టం ఉండదు కాబట్టి టాయిలెట్ పేపర్ రోల్ మధ్యలో ఉండే అట్ట గొట్టం వాడండి, అది ఇంకొంచెం వెడల్పు, అంటే ఇంకొంచెం జాగ్రత్త. అందులోంచి జారిపోయేది ఏదైనా మూడేళ్ళ దాకా పైన అటక మీదే. గుండ్రటి బంతులకి ఇంకా కఠినం, అమెరికా రూల్ ప్రకారం 44.4 మి.మీ. లోపు బంతి మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మల్లో ఉండకూడదు, గుండ్రటివి గొంతుని పూర్తిగా మూసేస్తాయి మరి.

ఇప్పుడు బొమ్మని చేతిలోకి తీసుకుని చక్రాలు లాగండి, పజిల్ ముక్క మీద ఉండే చిన్న పిడి లాగండి, గుర్రం చెవులు, తోక, కళ్ళు, అతికించినవన్నీ లాగి తిప్పి చూడండి. మొహమాటపడకుండా గట్టిగా లాగండి, ప్రమాణాల్లో 90 న్యూటన్ల బలంతో లాగుతారు, అంటే దాదాపు 9 కిలోల బరువు వేలాడదీసినంత. ఎక్కువగా ఊడిపోయేవి పజిల్ పిడులే, నన్నడిగితే పిడి లేకుండా ముక్కే లావుగా ఉండి చేతికందే పజిల్ కొనండి. మేకులు కొట్టి చేసినవి, స్టేపుల్ పిన్నులు కనిపించేవి వద్దే వద్దు, చెక్క మేకుతో బిగించినవి మంచివి. తర్వాత అంచుల మీద వేలు నడిపించండి, చెంపకి ఆనించి రుద్ది చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది, చేతికి తెలియని గరుకు చెంపకి తెలుస్తుంది. చిన్న పేడు లేచినా సరే అది చిగుళ్ళలో గుచ్చుకుంటుంది.

రంధ్రాలు కూడా చూడండి, బిడ్డ వేలు దూరి బయటికి రాకుండా ఇరుక్కునే సైజు ఉండకూడదు. లాగుడు బొమ్మకి తాడు ఉంటే జానెడు మించకూడదు, ఎక్కువుంటే కత్తిరించండి. చెక్క రైలు డబ్బాల మధ్య, కొన్ని బ్లాకుల లోపల అయస్కాంతాలు పెడతారు, రెండు అయస్కాంతాలు మింగితే అవి పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని పేగుకే చిల్లు పెడతాయి, కాబట్టి మూడేళ్ళు దాటాకే, అది కూడా బయటికి ఊడి రాకుండా లోపల మూసేసి ఉన్నవే. బ్యాటరీ ఉన్న చెక్క బొమ్మ అయితే బ్యాటరీ మూతకి స్క్రూ ఉండాలి. నాణెం లాంటి బ్యాటరీ మింగితే రెండు గంటల్లోపే అన్నవాహిక కాలిపోవడం మొదలవుతుంది, మింగాడేమో అన్న అనుమానం వచ్చినా సరే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తండి, వాంతి చేయించకండి.

చెక్క పూసలు దారానికి గుచ్చి మెడలో వేసే టీతింగ్ దండలు చూడటానికి ఎంత ముద్దుగా ఉన్నా కొనకండి. దారం తెగితే పూసలు గొంతులోకి, తెగకపోతే దండే మెడకి. 2018 డిసెంబర్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా వీటి మీద హెచ్చరిక ఇచ్చింది.

ఏ వయసుకి ఏది

పుట్టిన దగ్గర్నుంచి ఐదారు నెలల దాకా చెక్క తొందర లేదండీ. ఈ మాట చెక్క బొమ్మలు అమ్మేవాళ్ళు చెప్పరు. వెల్లకిలా పడుకున్న బిడ్డ గిలక్కాయ పట్టుకుంటుంది కానీ వదలడం చేతకాదు, చెయ్యి ఊపితే అది వచ్చి ముక్కు మీదో కంటి మీదో పడుతుంది, చెక్కది అయితే దెబ్బ గట్టిగానే తగులుతుంది. అప్పటికి గుడ్డ బొమ్మలే మేలు. చెక్క గిలక్కాయ ఇవ్వాలనిపిస్తే బాగా తేలికైనది, సన్నటి రింగులా ఉన్నది తీసుకోండి, చివర పొడవుగా బయటికి పొడుచుకొచ్చేది కాకుండా. గిలక్కాయల చివర గొంతు లోపలి దాకా దూరకూడదని వాటికి ప్రత్యేకంగా 35 మి.మీ., 50 మి.మీ. కొలతల కోలగా ఉండే రంధ్రంతో వేరే పరీక్షే ఉంది, మామూలు బొమ్మల కంటే గిలక్కాయలకి అంత జాగ్రత్త అవసరం.

కూర్చోవడం వచ్చాక అసలు ఆట మొదలవుతుంది. రెండు చేతుల్లో రెండు చెక్క ముక్కలు పెడితే ఒకదానికొకటి కొట్టి ఆ చప్పుడు వింటారు, ఇంకేమీ అక్కర్లేదు వాళ్ళకి. ఎనిమిది తొమ్మిది నెలలకి కనిపించకుండా పోయిన వస్తువు ఎక్కడో ఉంది అన్న సంగతి తెలియడం మొదలవుతుంది, అప్పుడు పైన రంధ్రంలో బంతి వేస్తే కింద ట్రేలోకి దొర్లుకొచ్చే చెక్క పెట్టె ఇవ్వండి, అదే పని ఆపకుండా చేస్తూనే ఉంటారు. రింగులు పేర్చే బొమ్మ కూడా అప్పుడే, కానీ మధ్యలో పుల్ల గురించి ఒక్కమాట, నిలబడటం నేర్చుకునే బిడ్డ దాని మీద పడితే గుచ్చుకుంటుంది, అందుకని పుల్ల పొట్టిగా గుండ్రటి తలతో ఉన్నదో, అడుగు గుండ్రంగా ఉండి పడితే ఒరిగిపోయేదో చూసుకోండి.

ఏడాది దగ్గర పడ్డాక నెట్టుకుంటూ నడిచే చెక్క బండి. ఇది, లోపల కూర్చోబెట్టే వాకర్ ఒకటి కాదు, వాటిని కలిపేయకండి. లోపల కూర్చునే వాకర్లతో మెట్ల మీద నుంచి పడే ప్రమాదాలు ఎక్కువై కెనడా 2004లో వాటిని పూర్తిగా నిషేధించింది. నెట్టే బండిలో బిడ్డ తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. అయితే ఖాళీ బండి తేలిగ్గా ఉండి ముందుకి పరిగెడుతుంది, బిడ్డ బోర్లా పడుతుంది, కాబట్టి అడుగున బరువు పెట్టండి, నాలుగు లావు పుస్తకాలు చాలు, చక్రాలు బిగించే స్క్రూ ఉంటే మొదట్లో బిగించి ఉంచండి.

ఏడాదిన్నర నుంచి బ్లాకులే. ఒక్క బొమ్మే కొనగలం అంటే నేను బ్లాకులే కొనమంటాను, సాదావి, అక్షరాలు బొమ్మలు లేనివి. 1910ల్లో న్యూయార్క్‌లో కారొలైన్ ప్రాట్ అనే టీచర్ తయారు చేసిన యూనిట్ బ్లాకులు ఇప్పటికీ అదే కొలతలో వస్తాయి, మందం కంటే వెడల్పు రెండింతలు, వెడల్పు కంటే పొడవు రెండింతలు, రెండు చిన్నవి కలిస్తే సరిగ్గా ఒక పెద్దది అవుతుంది, లెక్కలు అనే మాట వినకముందే సగం, రెట్టింపు చేతికి తెలిసిపోతాయి. ఏడాదిన్నరకి మూడు నాలుగు, రెండేళ్ళకి ఆరేడు బ్లాకులు నిలబెట్టగలుగుతారు, అటూ ఇటూ అయితే కంగారేమీ లేదు. ఈ వయసులోనే విసరడం కూడా ఉంటుంది, చెక్క బ్లాక్ విసిరితే పక్కనున్న చంటిదానికి తల బొప్పి కడుతుంది, విసరడం మొదలెట్టిన రోజుల్లో బ్లాకులు తీసి మెత్తటి బంతి ఇవ్వండి, తిట్టక్కర్లేదు, విసిరే బుద్ధి పుట్టింది కాబట్టి విసిరే వస్తువు ఇవ్వాలి. రెండేళ్ళ తర్వాత సుత్తితో చెక్క మేకులు కొట్టే బల్ల, పెద్ద ముక్కల పజిల్, అయస్కాంతం లేకుండా కొక్కేలతో కలిసే రైలు, ఇవన్నీ బాగుంటాయి.

ప్లాస్టిక్ కానీ సిలికాన్ కానీ మంచిదయ్యే చోటు స్నానం. నీళ్ళలో చెక్క బొమ్మలు వెయ్యకండి, పాడైపోతాయి. అక్కడ గట్టి ప్లాస్టిక్ కప్పులు చాలు. పిసికితే నీళ్ళు చిమ్మే చిల్లు ఉన్న బాతులు మాత్రం వద్దు, లోపల నీళ్ళు ఆరక నల్లగా బూజు పడుతుంది, కోసి చూస్తే తెలుస్తుంది.

ఎన్ని కొనాలి అంటే తక్కువే. టొలెడో యూనివర్సిటీలో 18 నుంచి 30 నెలల పిల్లల్ని ఒకసారి 4 బొమ్మలతో, ఒకసారి 16 బొమ్మలతో ఆడించి చూశారు, నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. చెక్కవి ఖరీదు ఎక్కువ అనిపించేది ప్లాస్టిక్ లెక్కన కొంటే, బుట్టలు బుట్టలు కాకుండా నాలుగైదు కొని సగం దాచిపెట్టి మారుస్తూ ఉంటే అంత భారం కాదు.

కడగడం, చూసుకోవడం

చెక్కని నానబెట్టకూడదు, మరగబెట్టకూడదు, స్టెరిలైజర్‌లో పెట్టకూడదు, డిష్‌వాషర్‌లో అసలు పెట్టకూడదు. నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు బీటలు వారుతుంది, ఆ బీటల్లోకి మురికి చేరుతుంది. కొంచెం సబ్బు నీళ్ళలో గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి, ఇంకో తడిగుడ్డతో సబ్బు తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఒత్తి, గాలి తగిలే నీడలో ఆరబెట్టండి. మండే ఎండలో పెడితే పగుళ్ళు వస్తాయి. ఇంట్లో ఎవరికైనా విరేచనాలో జలుబో ఉన్నప్పుడు నోట్లో పెట్టుకునే బొమ్మల్ని రోజూ తుడవండి, మిగతా రోజుల్లో అంత అక్కర్లేదు.

రంగు లేని చెక్క కొన్నాళ్ళకి పొడిబారి తెల్లగా, గరుకుగా అవుతుంది. అప్పుడు సన్నటి ఉప్పు కాగితంతో, 220 నంబరుదో అంతకంటే సన్నదో, గీతల దిక్కునే తేలిగ్గా రుద్ది, పొడి పూర్తిగా తుడిచి, ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్‌లో తేనెమైనం కరిగించింది పలచగా రాసి ఒక రాత్రి ఉంచి, మర్నాడు మిగిలింది తుడిచేయండి. సన్‌ఫ్లవర్ లాంటి వంట నూనెలు రాస్తే కొన్నాళ్ళకి జిగటగా తయారై వాసనొస్తుంది. అవిసె నూనె రాస్తే తుడిచిన గుడ్డని ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేయకండి, ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, చుట్టిన గుడ్డ దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది, నీళ్ళలో ముంచో విప్పి పరిచో ఆరనివ్వండి.

నెలకోసారి బొమ్మలన్నీ ముందేసుకుని లాగుడు పరీక్ష, చెంప పరీక్ష మళ్ళీ చెయ్యండి. కొత్తగా ఉన్నప్పుడు గట్టిగా ఉన్న చక్రం నేలకేసి కొట్టీ కొట్టీ వదులవుతుంది. బీట కనిపిస్తే రుద్ది సరిచేద్దాం అనుకోకండి, బీట పెరుగుతూనే ఉంటుంది, ఆ బొమ్మ పోయినట్టే. చిన్న పేడు అయితే రుద్దితే సరిపోతుంది.

పాతకాలం బొమ్మలు, ఇంట్లో పెద్దవాళ్ళు చిన్నప్పుడు ఆడుకుని దాచినవి ఇస్తే తీసుకోండి, అరలో పెట్టి చూపించండి, నోటికి మాత్రం ఇవ్వకండి. అమెరికాలోనే ఇళ్ళలో వాడే పెయింట్‌లో, బొమ్మల పెయింట్‌లో సీసం నిషేధించింది 1978లో, చాలా దేశాల్లో ఇంకా ఆలస్యంగా, కాబట్టి పాత రంగు బొమ్మలో సీసం ఉండే అవకాశం బాగా ఎక్కువ. ఆ రంగు గీకేసి కొత్తది వేద్దామని ఉప్పు కాగితంతో రుద్దడం అన్నిటికంటే ప్రమాదం, సీసం పొడిగా లేచి ఇల్లంతా పడుతుంది, పాకే బిడ్డ చేతులకి అంటుకుని నోట్లోకి పోతుంది. రంగు పెచ్చులు లేస్తున్న పాత బొమ్మ అయితే అరలో కూడా వద్దు, కవర్లో వేసి ముడేసి బయటికి పంపించేయండి, ఆ అరని తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని కూడా పారేయండి.